ఒంటి దిద్దు

"దొరికిందా?"

"గట్టిగా అడక్కండి."

"గట్టిగా ఎక్కడ అడిగాను? నోరు కూడా సరిగ్గా తెరవలేదు."

"తెరవకపోతేనే ఇంత వినబడింది. తెరిస్తే పాస్టరమ్మగారి ఇంటిదాకా వినబడుతుంది."

వంటింటి వెనక, గిన్నెలు తోమే పంపు దగ్గర మొగుడూ పెళ్ళాం గొంతుక్కూర్చుని మాట్లాడుకుంటున్నారు. శనివారం ఆఫీసులుండవు కాబట్టి వాళ్ళు వండి పంపే భోజనం క్యారేజీలూ లేవు. తిరిగొచ్చిన డబ్బాలన్నీ చుట్టూ పరుచుకుని ఉన్నాయి. ఎవరైనా పిట్టగోడ మీదుగా తొంగిచూస్తే, ఆహా ఏం దంపతులు, అంట్లు కూడా కలిసే తోముకుంటున్నారని ముచ్చటపడతారు. నిజానికి ఒక్క డబ్బా కూడా తోమింది లేదు. ఆమె డబ్బాల అడుగున వేలు పెట్టి తడుముతోంది. అతను మూతల రబ్బర్లు ఊడదీసి వాటికింద చూస్తున్నాడు.

గురువారం పొద్దున రొట్టెల పిండి కలిపి, పప్పు దించి, కూరలు సర్ది, క్యారేజీలన్నీ స్కూటరెక్కాక ఆమె చెయ్యి ఎందుకో ఎడమ చెవి మీదికి వెళ్ళింది. దిద్దు లేదు. వెనక మర వదులైందని ఎప్పటినుంచో తెలుసు. రేపు బిగిద్దాం, ఎల్లుండి బిగిద్దాం అనుకుంటూనే ఉంది. పిండిలో పడిందో, పప్పులో పడిందో, తొక్కలతో పాటు చెత్తలోకి పోయిందో, తూములోకి జారిందో తెలియదు. ఒక చెవికి ఉండి ఒక చెవి బోసిగా ఉంటే నవ్వుతారని రెండోది కూడా తీసి కొంగున ముడేసుకుంది.

తెలివైన పనే చేశాననుకుంది పాపం. కొంప ముంచింది ఆ తెలివే.

ఆ సాయంత్రమే పాస్టరమ్మగారు వచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టే విందుకు వంట ఈ ఇంట్లోనే. ఎంతమందికి వండాలో చెబుదామని వచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి ఈ ఇంటి కోడలి చెవులవంక చూశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ సంఘంలో ఆడవాళ్ళు బాప్తిస్మం తీసుకున్నాక నగలు పెట్టుకోరు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరు. "ప్రభువు చెప్పినప్పుడు వాళ్ళే తీస్తారు" అంటారు, అంతే. కాకపోతే ఆయన ఎప్పుడు చెబుతాడా అని ఆదివారం ఆదివారం అందరూ చెవులవంకే చూస్తూ ఉంటారు. కోడలి పుట్టింటివాళ్ళు వెళ్ళే సంఘంలో ఈ పట్టింపు లేదు. అందుకని పెళ్ళయి వచ్చిన నాటినుంచి సంఘం మొత్తం మీద మిగిలిన దిద్దులు ఆమెవే.

"తీసేసింది!" అన్నారు పాస్టరమ్మగారు. "దిద్దులు తీసి బతుకు దిద్దుకుంది మన బిడ్డ!"

అని, అక్కడికక్కడే మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టారు. అత్తయ్య కొంగు తలమీదికి లాక్కుని పక్కన మోకరించింది. ఇక కోడలు ఏం చెయ్యాలి? దేవుడితో మాట్లాడుతున్న మనిషి మాటకు అడ్డుపడి, "అమ్మగారూ, నేను తియ్యలేదండీ, అది పోయింది" అని ఎలా అంటుంది? ఆమెన్ దాకా ఆగుదామనుకుంది. ఆమెన్ అయ్యేసరికి ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పేవాళ్ళలో మొదటి మనిషి తనే అయిపోయింది.

ఇదీ సంగతి. ఇప్పుడు శనివారం. రేపే ఆదివారం.

"లెక్కల ఆఫీసు కళ్ళజోడాయనను అడిగాను," అన్నాడు భర్త, రబ్బరు మళ్ళీ తొడుగుతూ.

"ఏమని?"

"సార్, గురువారం రొట్టెల్లో మీకేమైనా తగిలిందా అని."

"అయ్యో రామ, కాదు, అయ్యో దేవా! అలాగా అడిగేది?"

"మరెలా అడగాలి? ఏం తగలాలి, మీరేం వేశారు అన్నాడు. నా ముందే మూత తీసి వాసన చూశాడు."

"ఇంకెవర్నీ అడక్కండి. దిద్దు మాట దేవుడెరుగు, ఉన్న క్యారేజీలు కూడా మానేస్తారు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. డబ్బా పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"నేను అత్తయ్యకు చెప్పేస్తాను."

"ఏమని?"

"తియ్యలేదు, పోయింది అని."

"రెండూ ఒకటేగా. చెవులకు లేవు. ఆవిడకు కావలసింది అదేగా."

"ఒకటెలా అవుతుందండీ? మీ పర్సు మీరు తీసి కానుకల పెట్టెలో వేస్తే కానుక. జేబుదొంగ కొట్టేస్తే?"

"దొంగకి కానుక."

"మీకు అన్నీ వేళాకోళాలే."

"వేళాకోళం కాదు. ఒక్క రోజు ఓపిక పట్టమంటున్నా. రేపు ఆ రెండు మాటలూ ఎలాగోలా చెప్పేసి వచ్చెయ్."

"దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పి వచ్చెయ్యనా?"

అతను వేలు పెదాలమీద పెట్టుకుని, రెండో చేత్తో వంటింటి కిటికీ చూపించాడు.

లోపల అత్తయ్య పాడుతోంది. పెద్ద గొంతు కాదు. చేస్తున్న పని చేస్తూనే, అక్కడక్కడా మాటలు మరిచిపోయి, మరిచిపోయినచోట కూనిరాగంతో నింపుకుంటూ పాడుతోంది.

"విన్నావా? నాన్న పోయాక మా అమ్మ గొంతు ఇలా వినడం ఇదే. గురువారం నుంచి పాడుతోంది. నీ వల్లే. ఆవిడ సంతోషం చూడు, ఆవిడ మొహం చూడు. ఇప్పుడు వెళ్ళి పోయిందని చెబితే మళ్ళీ ఆ నోరు మూతపడదూ?"

"మీ అమ్మ పాట కోసం మా అమ్మను వదులుకోమంటున్నారా?"

అంత మాట వస్తుందని అతను అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. తర్వాత అతను పంపు తిప్పి, ఒక్కొక్క డబ్బా నిజంగానే తోమడం మొదలుపెట్టాడు.

అవి వాళ్ళమ్మ దిద్దులు. చిన్న పువ్వు, మధ్యలో ఎర్ర రాయి. గొప్ప నగేమీ కాదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేముందు ఒంటిమీద ఏమీ ఉండకూడదని నర్సు వాటిని తీసి, దూదిలో చుట్టి కూతురి చేతిలో పెట్టింది. "నేను వచ్చిందాకా నువ్వు పెట్టుకోవే. చేతిలో పట్టుకుంటే ఎక్కడో పారేస్తావు" అంది అమ్మ, చక్రాల మంచం మీదనుంచి. కూతురు అప్పటికప్పుడే పెట్టుకుంది. అమ్మ రాలేదు.

కోడలి విశ్వాసం పెద్ద పెద్ద మాటల విశ్వాసం కాదు. పొయ్యి దగ్గర నిలబడి దేవుడితో మామూలుగా మాట్లాడుకుంటుంది. అన్నం మెత్తబడితే చెబుతుంది, మొగుడు మాటంటే చెబుతుంది. పునరుత్థానమని వాక్యంలో ఉందంటే ఉందనే నమ్మింది. ఆ రోజు అమ్మ లేచి వస్తుంది, రాగానే తన చెవులు తడుముకుంటుంది, అప్పుడు ఇవి తీసి ఇచ్చెయ్యాలి. వింటే పెద్దలు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదుగాని ఆమె లెక్క అదే. నగలు వదులుకోమంటే వదులుకోవచ్చు. దాచిపెట్టమని ఇచ్చినవాటిని వదులుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు.

"రా అమ్మా, చిక్కుళ్ళు వలుద్దువుగాని," అత్తయ్య లోపలినుంచి పిలిచింది.

అమ్మా.

ఈ ఇంట్లో కోడలి పేరు ఇన్నాళ్ళూ 'ఇదిగో'. "ఇదిగో, పాలు పొంగుతున్నాయి." "ఇదిగో, డబ్బా మూత లొట్టపోయింది చూసుకో." తిట్టు కాదు, కసురు కాదు, అలాగని పిలుపూ కాదు. అత్తయ్య చెడ్డ మనిషనుకునేరు, కాదు. ఆవిడకు పని వచ్చు, ప్రార్థన వచ్చు, ఎదుటి మనిషిని దగ్గరికి తీసుకోవడమే రాదు. గురువారం సాయంత్రం నుంచి 'ఇదిగో' పోయి 'అమ్మా' వచ్చింది. చెవులకు ఉన్నవి పోగానే చెవిలో పడిన మాట అది. తల్లి పోయినప్పటినుంచి కోడలు ఏ మాట కోసం మొహం వాచి ఉందో సరిగ్గా ఆ మాటే. కడుపు నిండా అన్నం పెట్టి, ఇది నీది కాదు లెమ్మంటే ఎలా ఉంటుంది? లెమ్మనేదీ తనే, లేవాల్సిందీ తనే.

వెళ్ళి పీట మీద కూర్చుంది. అత్తయ్య గరిటెతో పులుసు తీసి, ఊది, కోడలి అరచేతిలో వేసింది.

"ఉప్పు చూడు."

కోడలు నాకి చూసింది. "కొంచెం తగ్గిందత్తయ్యా."

"అయితే నువ్వే వెయ్యి."

అని ఉప్పు జాడీ ఆమె ముందుకు జరిపింది. ఆ జాడీని అత్తయ్య ఎవరికీ ఇవ్వదు. వంటలో సగం చెయ్యి కోడలిదైనా ఉప్పు మాత్రం అత్తయ్యది. జ్వరం వచ్చిన రోజు కూడా మంచం మీదనుంచి లేచి వచ్చి వేసి వెళ్ళి పడుకుంది. కోడలు జాడీ మూత తీసింది. ఎక్కువ పడుతుందేమోనని సగం వెనక్కి పోసింది.

"భయపడకు. తక్కువైతే వేసుకోవచ్చు," అంది అత్తయ్య. వంగి సెగ తగ్గిస్తూంటే ఆవిడ చెవి దగ్గరగా కనబడింది. రెండు తమ్మెలకూ ఒకేచోట నల్లటి చుక్కలుంటాయి. పుట్టుమచ్చలు. కొలిచి పెట్టినట్టు భలే వచ్చాయే అని కొత్తలో అనుకునేది కోడలు. ఈవేళ ఎడమ చెవిది కనబడలేదు. పిండి అంటుకుని ఉంటుందిలే అనుకుంది.

"రేపు ఏం చెబుతావు?" అత్తయ్య అడిగింది.

"తెలియదు."

"ప్రభువు నీతో ఎప్పుడు మాట్లాడాడు అని అడుగుతారు."

"పిండి కలుపుతున్నప్పుడు," అంది కోడలు. ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత లేదో తూచుకోలేక తల వంచుకుంది.

"మీరు తీసినప్పుడు ఎలా ఉండిందత్తయ్యా?"

"బాప్తిస్మం నీళ్ళలోకి దిగేముందు తీసి మా అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఇంటికెళ్ళి తలుపేసుకుంది."

"మీకేమనిపించింది?"

"సంతోషం."

"అంతేనా?"

"అంతే. అబద్ధమెందుకు, సంతోషమే. ఆయన కోసం ఏదో ఒకటి ఇచ్చానన్న సంతోషం. ఇప్పటికీ ఉంది." అత్తయ్య కాస్త ఆగింది. "తర్వాత తల ఎటు తిప్పినా ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఉండేది. గుమ్మం దాటేటప్పుడు చెయ్యి చెవి మీదికి వెళ్ళేది."

"ఎన్నాళ్ళు?"

"ఈనె తీసి వెయ్యవే, నారతో సహా వేస్తున్నావు. విందుకొచ్చినవాళ్ళు పళ్ళు కుట్టుకుంటూ కూచోవాలా?"

కోడలు ఈనె తీసి వేసింది. ఇంకో రెండు కాయలు తుంచింది.

"అత్తయ్యా, మీకొకటి చెప్పాలి."

"రేపు చెబుదువుగాని. అందరి ముందూ."

"అందరికీ కాదు. మీకే."

అత్తయ్య చేతిలో కత్తిపీట మీది దుంప అలాగే ఆగిపోయింది.

"నాకేమీ చెప్పకు."

"ఏమత్తయ్యా?"

"చెబితే నేను విన్నట్టవుతుంది." గొంతు పాత గొంతే, 'ఇదిగో' అనే గొంతు. వెంటనే మెత్తబడింది. "పాలు తక్కువయ్యేట్టున్నాయి. వీధి చివరిదాకా వెళ్ళి తెచ్చిపెట్టమ్మా. వాడు ఎలాగూ వంటచెరుకు సంగతి చూడ్డానికి వెళతానన్నాడు. తొందరేం లేదు, నిదానంగా రా."

పాలు తక్కువ కాలేదని కోడలికి తెలుసు. పొద్దున కాచింది తనే. అయినా సంచీ తీసుకుని లేచింది.

వీధిలో మధ్యాహ్నపు ఎండ తీరుబాటుగా ఉంది. దర్జీ మిషను మీద తల పెట్టి కునుకు తీస్తున్నాడు. రొట్టెల దుకాణం ముందు ఒక ఆడమనిషి బిడ్డను చంకనేసుకుని బేరమాడుతూంటే, ఆ బిడ్డ తల్లి చెవి లోలాకు గుప్పిట పట్టి లాగుతోంది. "వదలవే, వదులు" అంటోంది తల్లి, నవ్వుతూ, నొప్పితో. కోడలు అక్కడ ఎందుకు నిలబడిపోయిందో ఆమెకే తెలియలేదు.

ప్రభువా, అనుకుంది నడుస్తూ. తియ్యమని నువ్వే చెప్పి ఉంటే తీసేదాన్నేమో. ఏడ్చి తీసేదాన్ని, కాని తీసేదాన్ని. నువ్వు చెప్పనూ లేదు, ఉండనివ్వనూ లేదు. నేనిచ్చానంటున్నారు అందరూ. నేనివ్వలేదు, నీకు తెలుసు. మా అమ్మ కావాలి నాకు. మా అమ్మ చెయ్యి కావాలి. అది లేదు కనుక ఆవిడ చెవిని అన్నాళ్ళూ తాకి ఉన్న ఆ ముక్కైనా కావాలి. అత్తయ్య అమ్మా అనడం కూడా కావాలి. రెండూ అడిగితే ఆశపోతునంటావా? అను. కాని రెండూ కావాలి.

ఇంత చెప్పాక కొంచెం తేలికపడింది. పాల దుకాణం దాకా వచ్చాక చూసుకుంటే సంచీ ఉంది, గిన్నె లేదు. వెనక్కి తిరిగింది.

వీధి తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఈ ఇంట్లో పగటిపూట గడియ పెట్టరు. పక్క సందులోంచి పంపు దగ్గరికి వచ్చి, వంటింటి వెనక తలుపు తోసింది.

అత్తయ్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. విందు వంటకు తెచ్చిన పెద్ద డేగిశా మూతను గోడకు ఆనించి, అందులో మొహం చూసుకుంటోంది. మెడ కొంచెం పక్కకు వంచింది. కిటికీ గట్టు మీద చిన్న చీపురుపుల్ల ముక్క ఉంది.

ఎడమ చెవికి దిద్దు ఉంది. చిన్న పువ్వు, మధ్యలో ఎర్ర రాయి.

ఆ దిద్దును కోడలు రోజూ పెట్టుకుందేగాని చూసింది లేదు. అద్దంలో చూస్తే తన మొహమే కనబడేది. మరో మనిషి చెవికి, నెరిసిన వెంట్రుకల పక్కన, ముడతలు పడ్డ మెడ పక్కన అది మెరవడం ఆస్పత్రి రోజు తర్వాత ఇదే. అమ్మ అటు తిరిగి నిలబడితే ఇలాగే ఉండేది. అమ్మా అని పిలవబోయి ఆపుకుంది.

అత్తయ్య మూతలోనే ఆమెను చూసింది. ఉలిక్కిపడలేదు. తిరగలేదు కూడా.

"బాగుందా?" అంది.

ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరినీ అడగని మాట అది.

"బాగుందత్తయ్యా."

అప్పుడు తిరిగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, చిన్నపిల్ల మొహంలా.

"గురువారమే దొరికింది. రొట్టె ఒత్తుతూంటే కర్ర కింద తగిలింది. నువ్వు డబ్బాలు సర్దుతున్నావు. కాసేపాగి ఇద్దామని కొంగున ముడేశాను. కాసేపే కదా అనుకున్నా. సాయంత్రానికి ఆవిడ వచ్చింది."

మూడు రోజులుగా ఒక జత దిద్దులు రెండు కొంగుల్లో ముడిపడి ఒకే వంటింట్లో తిరిగాయన్నమాట. కోడలికి నవ్వొచ్చింది. నవ్వుకంటే ముందు కోపం వచ్చింది.

"నన్ను వెతకనిచ్చారా?"

"వెతకనిచ్చాను."

"తూములో చెయ్యి పెట్టాను. చెత్తబుట్ట బోర్లించాను. మీ అబ్బాయి ఊరందర్నీ అడిగి తలదించుకుని వచ్చారు."

"చూశాను."

"చూస్తూ ఊరుకున్నారా? అది మా అమ్మదని తెలిసి కూడా?"

"తెలుసు కాబట్టే ఇవ్వలేకపోయాను." అత్తయ్య గొంతు సన్నబడింది. "ఒక్కసారి పెట్టుకుని ఇచ్చేద్దామనుకున్నా. ఒక్కసారి. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండే ఘడియ దొరకలేదు."

"ఆ పుల్ల?"

అత్తయ్య కిటికీ గట్టు వైపు చూసింది. కుడిచెవి తమ్మెలో ఇంకా ఉన్న నల్లచుక్కను వేలితో తాకింది. పుట్టుమచ్చలు కావవి. పూడిపోకుండా పెట్టుకున్న పుల్లలు.

"తీసిన నాటినుంచీ మారుస్తూనే ఉన్నాను."

"ఎందుకు? మీరు ఆయనకిచ్చేశారుగా."

"దిద్దులిచ్చాను. చెవులిస్తానన్లేదు." అనేసి, తన మాటకు తనే సిగ్గుపడింది. "నాలుగేళ్ళప్పుడు ఒళ్ళో కూచోబెట్టుకుని మా అమ్మ కుట్టించింది ఈ చెవులు. నా చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, నాకంటే ముందు తనే ఏడ్చిందట. అవి కూడా పూడిపోతే ఇంక ఆవిడది నా దగ్గర ఏముంది? ప్రభువుకు తెలుసులే. ఆయన ఎప్పుడూ అడగలేదు. మనుషులకే చెప్పలేదు."

కోడలు గుమ్మానికి చేరగిలబడింది. కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కుంది. ఉంది, దాని పక్కనే ఇంకేదో కూడా వచ్చి కూర్చుంది. కాని వీటన్నిటికంటే లోపల ఒక ముల్లు ఉంది. అది తియ్యకుండా ఉండలేకపోయింది.

"అయితే గురువారం నుంచి మీరు పాడింది నా సాక్ష్యానికి కాదు."

"కాదు."

"నేను తియ్యలేదని, పోయిందని మీకు తెలుసు."

"తెలుసు."

"మరి నన్ను అమ్మా అన్నది? ఉప్పు జాడీ ఇచ్చింది? అదంతా తప్పు చేసిన మొహమాటమేనా?"

అత్తయ్య చెయ్యి చెవి మీదికి వెళ్ళింది. "ఇచ్చేస్తాను, ఉండు. నీది నీకిచ్చేస్తాను," అంటూ వెనక మర తిప్పబోయింది. తిరగలేదు. మళ్ళీ తిప్పింది. సన్నటి పుల్లకు అలవాటుపడిన రంధ్రంలో దిద్దు కాడ బిగుసుకుపోయింది. అరిగిన మర వంకరగా ఎక్కి పట్టేసింది. తమ్మె వాచి దానిమ్మగింజలా అయింది.

"రావడం లేదే!"

"లాగకండి. నూనె రాస్తాను."

"లాగకపోతే ఎలా వస్తుంది!"

"లాగితే చెవి తెగుతుందత్తయ్యా, చెయ్యి తియ్యండి."

నూనె గిన్నె అందుకునేలోపే వీధి తలుపు మీద చప్పుడైంది.

"ప్రైజ్ ద లార్డ్! ఇంట్లో ఉన్నారా? రేపటికి పళ్ళాలు తెచ్చానమ్మా, చేతులు పడిపోతున్నాయి, త్వరగా తియ్యండి!"

పాస్టరమ్మగారి గొంతు. ఆ గొంతుకు తలుపు అడ్డం కాదు.

అత్తయ్య మొహంలో నెత్తురు లేదు. "తియ్యకు," అంది గుసగుసగా. "లేమనుకుని వెళ్ళిపోతుంది."

"లేకపోతే లోపల గడియెవరు పెట్టారంటారు? ముసుగేసుకోండి. ఎలాగూ ప్రార్థన చేయించకుండా వెళ్ళరావిడ."

అత్తయ్య కొంగు తలమీదికి లాక్కుంది. చెవులు మూసుకునేలా, గడ్డం కిందికి వచ్చేలా లాక్కుని, రెండు చేతులతో పట్టుకుంది. ఆ గుడ్డలో ఆవిడ చాలా చిన్నగా, చాలా ముసలిగా కనబడింది. అచ్చం ఇలాగే, దుప్పటి గడ్డందాకా కప్పుకుని చక్రాల మంచం మీద ఇంకొకామె వెళ్ళిపోయింది. ఆ రోజు కోడలు ఏమీ చెయ్యలేకపోయింది. దూది పట్టుకుని నిలబడింది, అంతే.

ఈ ముసుగు మాటున ఒక అబద్ధం, రేపు సాక్ష్యంలో ఒక అబద్ధం. రెండూ కలిపి చూస్తే ఆమెకు ఒక్కసారిగా అలసట వచ్చింది.

కొంగు ముడి విప్పింది. రెండో దిద్దు తీసి, అద్దమూ మూతా లేకుండానే, వేలితో తడుముకుని తన కుడిచెవికి పెట్టుకుంది. మర గట్టిగా బిగించింది.

"ఏం చేస్తున్నావే నువ్వు?"

"తలుపు తియ్యడానికి వెళుతున్నా."

"రెండోది ఏదని అడుగుతుంది."

"అడుగుతారు."

"ఏం చెబుతావు?"

"నేనిచ్చెయ్యలేదని చెబుతాను. పోయింది, దొరికింది అని చెబుతాను. ఎక్కడుందో మాత్రం నేను చెప్పను. అది మీ సంగతి."

మళ్ళీ తలుపు చప్పుడైంది. "అమ్మాయ్! నిద్దరోయారా ఏంటి?"

కోడలు వంటిల్లు దాటింది, ముందుగది దాటింది. ఒక చెవి బరువుగా, ఒక చెవి తేలికగా ఉంటే నడకే వింతగా ఉంది. తలుపు ముందు ఆగి, గడియ మీద చెయ్యి వేసింది. వెనక పాదాల చప్పుడు వినబడింది. అత్తయ్య వంటింటి గుమ్మందాకా వచ్చి ఆగింది. ముసుగు ఉందో, జారిందో చూద్దామనిపించినా కోడలు తిరగలేదు.

"తియ్యమ్మా," అంది అత్తయ్య.

దిద్దు తియ్యమందో, తలుపు తియ్యమందో తెలియలేదు. అడగడానికి వ్యవధీ లేదు. కాని చివరనున్న ఆ 'అమ్మా' మాత్రం స్పష్టంగా వినబడింది.

ఆమె గడియ తీసింది.